ఫోనా, వాట్సాపా, మెయిలా, మనిషే పోవాలా? వ్యాపారంలో ఏ మాట ఏ దారిలో చెప్తే పని జరుగుద్ది

ముందు ఒక ఆర్డర్ సంగతి చెప్తా, ఎందుకంటే నేను ఇవన్నీ ఆలోచించడం మొదలుపెట్టింది దాని దగ్గర్నుంచే. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో ఆఫీసు పని, డిస్పాచ్ రెండూ నేనే చూసేవాణ్ణి, పదకొండేళ్లు చేశా అక్కడ. ఒకరోజు మధ్యాహ్నం పూట, కటింగ్ మిషన్లు ఆడతా ఉండాయి, నెల్లూరు నుంచి ఒక కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు, కల్యాణమండపం మెట్లకి గ్యాలక్సీ గ్రానైట్ కావాలి, ఇన్ని అడుగులు, మందం ముప్పావు అన్నాడు. ముప్పావు అంటే ముప్పావు అంగుళం, పద్దెనిమిది పంతొమ్మిది ఎంఎం వస్తుంది. నాకు వినపడింది ముప్పై. ముప్పై అంటే మా దగ్గర 30 ఎంఎం, మెట్లకి అంత మందం అడిగేవాళ్లూ ఉంటారు కాబట్టి నాకు అనుమానమే రాలా. మళ్ళీ ఒకసారి అడిగా కూడా, "ముప్పై గదా అన్నా" అని, ఆయనకి అటు పక్క అది ముప్పావు అనే వినపడింది, "ఆఁ అంతే అంతే, తొందరగా పంపు" అన్నాడు. మళ్ళీ అడిగితే సరిపోద్ది అనుకుంటాం గానీ చెవిలో పడ్డ తప్పు చెవితో దిద్దుకోలేం.

రాయి కోసి, పాలిష్ పట్టి, లారీకెత్తి పంపేశాం. నెల్లూర్లో దించినాక ఆయన ఫోన్ చేశాడు, నేను ఎత్తలా, ఎత్తి మాట్లాడే ధైర్యం చాల్లా. వాట్సాప్‌లో "సార్ మీరు 30 అని కన్ఫర్మ్ చేశారు, మా వైపు తప్పు లేదు" అని పంపా. ఆ మెసేజ్ ఆయన వాళ్ళ మేస్త్రీలకీ, మండపం ఓనరుకీ, ఇంకో ఇద్దరు కాంట్రాక్టర్లకీ పంపించాడు, చూడండి వీళ్ళ మాట తీరు అని. సాయంత్రానికి మా ఓనరు దాకా వచ్చింది. ఆయన నన్ను తిట్టలా, "నాయనా, పొద్దున్నే బస్సెక్కి పో, ఆ మెట్ల దగ్గర నిలబడి మాట్లాడు" అన్నాడు అంతే.

పోయా. ఆ కాంట్రాక్టర్ నన్ను కూర్చోమని కూడా అనలా, టేపు తీసి కింది మెట్టు ఎత్తు ఎంత పెరిగిందో, పైన హాలు ఫ్లోరింగ్‌తో లెవెల్ ఎట్టా కలవకుండా పోయిందో చూపించాడు. అర అంగుళం తేడా కూడా లేదు, అయినా కాలికి తగిలి ఎవరో ఒకరు పడతారు. నేను "తప్పు నాదే అన్నా, మిషన్ల సౌండులో విన్నాను, రాసి పంపి అడగాల్సింది" అన్నా. అప్పుడు టీ తెప్పించాడు. ఆ 30 ఎంఎం రాయి బయటి పక్క మెట్లకి వాడుకునేట్టు, లోపలికి ముప్పావు రాయి మేము తయారీ ఖర్చుకే ఇచ్చేట్టు గంటలో తేలిపోయింది. రాసి పంపాల్సిన సైజుని ఫోన్లో మాట్లాడా, ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటని రాసి పంపా. రెండూ తిరగేసి చేశా. దారి మారితే మాట విలువే మారిపోతుందని నాకు అప్పుడు బాగా ఎక్కింది.

ఇప్పుడు నేను నెల్లూర్లో మా బావమరిదితో కలిసి బియ్యం, వడ్ల వ్యాపారం చూసుకుంటుండా, రొయ్యల గుంటలు చేసే చుట్టాలు ఉండారు, వాళ్ళ లెక్కల పని కూడా నా దగ్గరికే వస్తుంది. అందరూ అడిగేది ఒకటే, అన్నా ఇది ఫోన్ చెయ్యమంటావా మెసేజ్ పెట్టమంటావా అని. అందుకే నాకు తెలిసినంతలో ఒక్కో దారి దేనికి పనికొస్తుంది దేనికి పనికిరాదు అని పోల్చి రాస్తుండా.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది

ట్రైనింగుల్లో ఏడు సి లు అని చెప్తారు, ఇంగ్లీష్‌లో సి అక్షరంతో మొదలయ్యే ఏడు మాటలు, స్పష్టంగా ఉండాలి, క్లుప్తంగా ఉండాలి, పూర్తిగా ఉండాలి, తప్పుల్లేకుండా ఉండాలి, గట్టి వివరాలతో ఉండాలి, మర్యాదగా ఉండాలి, ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించి ఉండాలి అని. అన్నీ నిజమే, గానీ అవన్నీ మాట ఎట్టా ఉండాలో చెప్తాయి, ఏ దారిలో పోవాలో చెప్పవు. ఆ దారి గురించి పని చేసినవాళ్ళు అమెరికాలో రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ అని ఇద్దరు, 1980ల్లో. వాళ్ళు చెప్పింది మన భాషలో చెప్పుకోవాలంటే, రెండు మూడు రకాలుగా అర్థమయ్యే చిక్కు విషయం అయితే మొహం మొహం చూసుకుని మాట్లాడుకోవాలి, అర్థంలో తిరకాసు లేని మామూలు సమాచారం అయితే కాయితం మీద రాస్తే చాలు. చిన్న రేటు కాయితం కోసం మీటింగ్ పెట్టుకున్నా దండగే, పెద్ద తగాదాని కాయితం మీద తేల్చుకోవాలనుకున్నా దండగే.

దానికి నేను ఒకటి కలుపుకున్నా. ఈ విషయం రేపు తేడా వస్తే ఎవరు ఎవరికి చూపించాలి? చూపించాల్సిన అవసరం ఉంటే రాత ఉండాల్సిందే. అవతల మనిషి మనసు కష్టపడే విషయం అయితే గొంతు ఉండాల్సిందే. చాలా విషయాల్లో రెండూ ఉంటాయి, అప్పుడు రెండు దార్లూ వాడాలి, ఒకే రోజు వాడాలి.

ఇక్కడ ఒక మాట, మాటల్లో 7 శాతమే అర్థం ఉంటుంది, మిగతా 93 శాతం గొంతు, మొహం అని ప్రతి ట్రైనర్ చెప్తాడు, స్లైడ్లు కూడా వేస్తారు. ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన ప్రయోగాల నుంచి పుట్టింది ఆ లెక్క. అక్కడ చూసింది మనిషి మనల్ని ఇష్టపడుతున్నాడా లేదా అనే ఒక్క సంగతి, అదీ ఒకటీ అరా పదాలు వినిపించి, ఫోటోలు చూపించి. అన్ని మాటలకీ ఇది వర్తించదని ఆయనే తర్వాత చెప్పాడు. "కిలో రొయ్య రేటు ఇంత, లోడింగ్ తెల్లవారి నాలుక్కి" అనే మాటలో 93 శాతం మొహంలో ఉండదు గదా, అంతా ఆ అంకెల్లోనే ఉంది. కాబట్టి ఎప్పుడూ ఫోనే మేలు, ఎప్పుడూ కలవడమే మేలు అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

అట్టాగని రాతలో మన గొంతు వినపడుద్ది అనుకోవడం కూడా పొరపాటే. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ వాళ్ళు ఒక పరిశోధన వేశారు, మెయిల్లో కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని నిజంగానే రాసి పంపమన్నారు. పంపినవాళ్ళు 78 శాతం దాకా సరిగ్గా పట్టుకుంటారులే అనుకున్నారు. చదివినవాళ్ళు పట్టుకుంది 56 శాతం. బొమ్మా బొరుసా వేసుకున్నా సగం వస్తుంది, దానికి రవ్వంత ఎక్కువ అంతే. అదే గొంతుతో వినిపిస్తే 73 దాకా పట్టుకున్నారు. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు మోగుతా ఉంటుంది, చదివేవాడి చెవిలో వాడి ఆ రోజు మూడ్ మోగుతుంది. అందుకే సరదా మాట, ఎత్తిపొడుపు మాట వ్యాపారం మెసేజ్‌లో వద్దు.

ఫోన్ కాల్, వాట్సాప్ మెసేజ్: రోజూ వచ్చే పోటీ ఇదే

మనవైపు వ్యాపారం తొంభై పాళ్ళు ఈ రెండిటి మీదే నడుస్తుంది కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తా.

ఫోన్ బలం ఏందంటే అడ్డం తిరిగిన విషయం అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు. బేరం, నచ్చజెప్పడం, "ఏందన్నా ఈసారి తక్కువ అడుగుతుండావు" అనే తెలుసుకోవడం, ఇవన్నీ టైప్ చేస్తే పది మెసేజ్‌లు పడతాయి, ఫోన్లో రెండు నిమిషాలు. పైగా మనకంటే పెద్దవాళ్ళతో, పాత వ్యాపారస్తులతో మొదటి మాట మెసేజ్‌గా పంపితే మర్యాద తక్కువ అనుకుంటారు, ఫోన్ చేసి "బాగుండారా సార్, ఒక నిమిషం మాట్లాడొచ్చా" అంటే ఆ మాట తీరే వేరు. బలహీనత ఏందంటే అంకె నిలవదు. నా ముప్పై ముప్పావు సంగతి చూశారుగా. అరవై డెబ్భై, పదిహేను పదహారు, రేపా ఎల్లుండా, ఇవన్నీ ఫోన్లో జారిపోయేవే.

మెసేజ్ బలం అంకె. ఎప్పుడంటే అప్పుడు వెనక్కి పొయ్యి చూసుకోవచ్చు, వెతికితే దొరుకుద్ది, ఇంకొకరికి పంపొచ్చు. తప్పు పడితే పంపిన 15 నిమిషాల లోపు సరిచేసుకునే వీలు కూడా ఉంది, గానీ రేటు సరిచేస్తే ఊరికే మార్చి వదిలెయ్యొద్దు, "రేటు సరిచేశాను చూడండి" అని ఇంకో మెసేజ్ పెట్టాలి, ఎందుకంటే అవతలాయన పాతది చూసి ఫోన్ జేబులో పెట్టుకుని ఉండొచ్చు. బలహీనత, నీలి టిక్కు పడింది కాబట్టి ఒప్పుకున్నాడు అనుకుంటాం. నీలి టిక్కు అంటే తెరిచాడని మాత్రమే, చదివాడని కాదు, ఒప్పుకున్నాడని అసలే కాదు.

అందుకని నేను ఏది ఎంచుకుంటానంటే, బేరం ఫోన్లో, ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో అంకెలు మెసేజ్‌లో. మొన్న మా చుట్టాలాయన అల్లూరు పక్కన రొయ్యలు పట్టేటప్పుడు ఏజెంట్‌కి పంపడానికి మెసేజ్ మొదట ఇట్టా రాయించా:

"అన్నా, ఇప్పుడు ఫోన్లో అనుకున్నది రాస్తుండా. వనామీ, 2 గుంటలు. పట్టుబడి శనివారం తెల్లవారి 4 గంటలకి. 50 కౌంట్‌కి ఫోన్లో అనుకున్న రేటే. కౌంట్ 50 కంటే పెరిగితే ఒక్కో కౌంట్‌కి కిలో మీద 3 రూపాయలు తగ్గుద్ది, తగ్గితే అంతే పెరుగుద్ది. ఐసు, బాక్సులు మీవి, పట్టే కూలీ మాది. డబ్బు 7 రోజుల్లో. ఇందులో ఏదన్నా తేడా ఉంటే ఈ రాత్రి 8 లోపు చెప్పండి, లేకుంటే ఇదే ఖాయం చేసుకుని మనుషుల్ని పిలుస్తాం."

తెలియనివాళ్ళకి, వనామీ అంటే గుంటల్లో పెంచే ఒక రొయ్య రకం, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకె, కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదని. గట్టు మీద కౌంట్ 54 వచ్చినాక నాలుగు కౌంట్లకి ఎంత తగ్గాలి అని చీకట్లో, వల నీళ్ళల్లో ఉండగా వాదించుకోవడం ఎంత నరకమో చేసినవాళ్ళకి తెలుసు, రొయ్య బయటికొచ్చాక ఆగేది కాదు, రైతు ఏ రేటుకైనా తల ఊపాల్సిందే. ఆ మెసేజ్‌లో నేను రాసినదాంట్లో అన్నిటికంటే విలువైన వాక్యం రేటుది కాదు, కౌంట్ మారితే ఏంది అనే వాక్యం. అయితే రాసింది చూసి, "ఫోన్లో అనుకున్న రేటే" అని ఎందుకు వదిలేశారన్నా అని మా చుట్టాలాయన్ని నేనే అడిగి, పంపే ముందు ఆ రేటు అంకెల్లో వేయించా. అందరూ చేసే పొరపాటు అదే, అసలు అంకె ఒక్కటి వదిలేసి మిగతా అంతా రాస్తారు.

ఇంకోటి కొలత. నెల్లూర్లో వడ్లు పుట్టి లెక్కన మాట్లాడతాం, పుట్టి అంటే 850 కిలోలు. మనకి అది పుట్టుకతో వచ్చిన లెక్క. బయట ఊరి నుంచి కొనడానికి వచ్చినాయనకి పుట్టి అంటే వాళ్ళ ఊరి లెక్క గుర్తొస్తుంది, లేదా అసలేమీ గుర్తురాదు. 2025-26కి కామన్ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, మన పుట్టికి లెక్కేస్తే 20,136 రూపాయల చిల్లర. ఫోన్లో "పుట్టి ఇరవై" అనుకుంటే మనిద్దరికీ చాలు, బయటాయనకి రాసేటప్పుడు "పుట్టి అంటే 850 కిలోలు, రేటు 20,000, అంటే క్వింటాకి సుమారు 2,353" అని రెండు లెక్కలూ వెయ్యాలి. రెండు లెక్కలు పక్కపక్కన ఉంటే తప్పు ఎక్కడన్నా ఉంటే చదివేవాడి కంటికే దొరికిపోద్ది.

వాయిస్ మెసేజ్

దీనిమీద నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. చేతులు తడిగా ఉన్నవాళ్ళు, బండి మీద తిరిగేవాళ్ళు, చదవడం రాయడం కష్టమైన పెద్దవాళ్ళు, వీళ్ళకి వాయిస్ మెసేజ్ దేవుడిచ్చిన వరం, వాళ్ళు పంపితే ఓపిగ్గా వినాలి. మనం ఆఫీసులో కూర్చుని, కీబోర్డు ముందు పెట్టుకుని, కస్టమర్‌కి మూడు నిమిషాల వాయిస్ పంపడం మాత్రం తప్పు. ఫోన్‌కి ఉన్న లాభం దీనికి లేదు, ఎదురు ప్రశ్న వెయ్యలేడు. రాతకి ఉన్న లాభమూ లేదు, నెల తర్వాత ఆ రేటు ఎక్కడ చెప్పావో వెతకాలంటే పదిహేను వాయిస్‌లు వినాలి. నలుగురిలో ఉంటే వినలేడు కూడా, డీలర్ షాపులో కూర్చుని ఉండగా మన రేటు అందరికీ వినపడితే ఆయనకి ఎంత ఇబ్బంది. పంపాల్సొస్తే అరనిమిషం లోపు, కింద ఒక లైన్ అంకెలు టైప్ చేసి.

ఈమెయిల్

మా అంత చిన్న వ్యాపారానికి మెయిలెందుకు అంటారు. లోకల్ పార్టీతో అవసరం లేదు నిజమే. కంపెనీ అయితే, బ్యాంకు అయితే, ఎక్స్‌పోర్ట్ అయితే మెయిలే. ఎందుకంటే వాట్సాప్ ఒక మనిషి ఫోన్లో ఉంటుంది, మెయిల్ ఆఫీసులో ఉంటుంది. ఆ పర్చేజ్ మేనేజర్ ఉద్యోగం మారితే వాట్సాప్ చాటంతా ఆయనతో పాటే పోద్ది, కొత్తగా వచ్చినాయన "నాకేమీ తెలీదండి" అంటాడు, మెయిల్ అయితే పాత వరుస మొత్తం కింద ఉంటుంది.

మెయిల్లో ముందు సబ్జెక్ట్ లైన్. "రిక్వెస్ట్" అనో "అర్జెంట్" అనో పెడితే ఎవరూ తెరవరు. "ఆర్డర్ నంబర్ ఇంత, కంటైనర్ 5 రోజులు లేటు, కొత్త తేదీ 14 మార్చి" అని సబ్జెక్ట్‌లోనే సంగతి చెప్పెయ్యాలి, తెరవకపోయినా తెలిసిపోవాలి. తర్వాత తేదీ, గ్రానైట్ అమెరికాకి పంపేవాళ్ళకి ఇది ప్రాణం మీదకొచ్చే సంగతి, మనం 5/3 అని రాస్తే మార్చి ఐదు, వాళ్ళు చదివేది మే మూడు. నెల పేరు అక్షరాల్లో రాసేస్తే గొడవే లేదు. ఇంకా, ఫోటోలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోద్ది, గ్యాలక్సీ రాయిలో ఆ బంగారు చుక్కలు ఎంత ఒత్తుగా ఉండాయో చూసే కొంటారు కాబట్టి ఆ తేడా తెలియాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి లేదా మెయిల్లో పెట్టాలి, జీమెయిల్లో 25 ఎంబీ దాకా పోతుంది. అయినా లాట్ ఫైనల్ చేసే దగ్గర ఫోటో మీద ఆధారపడొద్దు, ముక్క సాంపిల్ పంపండి, లేదంటే వాళ్ళ మనిషినే వచ్చి చూసుకోమనండి.

సీసీలో, అంటే మెయిల్ కాపీ పోయేవాళ్ళ వరుసలో, పెద్దవాళ్ళని ఊరికే కలపొద్దు. కింది ఉద్యోగి పని ఆలస్యం చేశాడని మొదటి మెయిల్లోనే వాళ్ళ జీఎంని కలిపితే ఆ పని అయితే అవుద్దేమో, ఆ ఉద్యోగి మాత్రం మన ఫైలు ఇంకెప్పుడూ ముందుకి జరపడు. ముందు ఫోన్, తర్వాత ఒక్కడికే మెయిల్, అప్పటికీ కాకపోతే సీసీ.

గ్రూపు

సెలవుల సంగతి, కొత్త స్టాక్ సంగతి, కరెంటు పోయే టైము, వీటికి గ్రూపు బాగుంటుంది. రేట్లకి వద్దు, తిట్టడానికి అసలు వద్దు. డ్రైవర్‌ని, ఫ్యాక్టరీలో కుర్రాణ్ణి గ్రూపులో మందలిస్తే వాడు తప్పు ఒప్పుకోడు, నలుగురి ముందు పోయిన మొహం కోసం వాదిస్తాడు. పక్కకి పిలిచి చెప్పండి, వింటాడు. కస్టమర్లందరికీ ఒకే సమాచారం పంపాలంటే గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ నయం, ఒకరి నంబర్ ఒకరికి కనపడదు, ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, కాకపోతే మన నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ అయ్యి ఉంటేనే చేరుద్ది.

మనిషే పోవాల్సినప్పుడు

ఒంగోలు నుంచి నెల్లూరు హైవే మీద రెండు గంటల పైచిలుకు, పోయి రావడానికి ఒక రోజు పోద్ది. అంత పెట్టుబడి దేనికి పెట్టాలి? మొదటిసారి పెద్ద ఆర్డర్ ఇస్తున్న పార్టీ దగ్గరికి, మన వల్ల నష్టపోయిన మనిషి దగ్గరికి, పాత బాకీ చిక్కుపడ్డప్పుడు, పార్ట్‌నర్‌షిప్ మాటలు. ఈ నాలుగింటికీ నేను ఫోన్ పెట్టుకోను. వీడియో కాల్ దీనికి సగం పనికొస్తుంది, దూరంగా ఉన్న బయ్యర్‌కి స్లాబ్ చూపించడానికి బాగుంటుంది, క్షమాపణకి బాగుండదు, ఎందుకంటే లేచి వచ్చిన శ్రమ అందులో లేదు. మనవాళ్ళు ఆ శ్రమకే కరిగేది.

పోయినప్పుడు మాట్లాడుకున్నది కూడా రాత్రికి నాలుగు లైన్లు రాసి పంపాలి. "మీరు ఇచ్చిన టైముకి థాంక్సన్నా, అనుకున్నది ఇదీ" అని. కొంతమంది ఇది నమ్మకం లేకపోవడం అనుకుంటారేమో అని భయపడతారు. "నాకు గుర్తుండదన్నా, అందుకే రాసుకుంటుండా" అని మన మీద వేసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

బాకీ అడగడం: ఇక్కడ దారుల వరుస ముఖ్యం

అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా. మొదట ఫోన్, మెసేజ్ కాదు. డబ్బు అడిగే మొదటి మాట మెసేజ్‌లో వస్తే మనిషికి గుచ్చుకుంటుంది. టైము చూసుకోండి, షాపు తెరిచి బోణీ కాకముందు అడగొద్దు, దీపాలు పెట్టే వేళ అడగొద్దు, శుక్రవారం, మంగళవారం చేతి డబ్బు బయటికి తియ్యని వాళ్ళు మనవైపు చాలామంది ఉండారు, ఆ రోజు అడిగితే ఇయ్యరు సరిగదా మనకి ఆ మాత్రం తెలీదా అనుకుంటారు. బుధవారం పదకొండు గంటలప్పుడు అడిగి చూడండి.

"డబ్బులు ఎప్పుడిస్తారు" అనే ప్రశ్న వద్దు, దానికి జవాబు "ఇస్తాలే". "సార్, 3వ తేదీ బిల్లు 84,000 ఉంది, ఈ వారం సగం, వచ్చే వారం సగం వేస్తారా, లేకపోతే మీకు వీలైన తేదీ చెప్పండి" అంటే ఏదో ఒక తేదీ చెప్పక తప్పదు. చెప్పిన తేదీని వెంటనే మెసేజ్‌లో రాసి పంపాలి. రెండు తేదీలు తప్పితే లెక్క మొత్తం స్టేట్‌మెంట్ తీసి మెయిల్ లేదా కాయితం.

ఈ కాయితం ఎందుకంటే, డబ్బు బాకీకి దావా వేసే గడువు మామూలుగా మూడేళ్ళు. ఆ మూడేళ్ళు దాటకముందే బాకీ ఉన్నట్టు అవతలాయన రాసి సంతకం పెడితే 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు మళ్ళీ అక్కడ్నుంచి మొదలవుద్ది. అందుకే పెద్ద వ్యాపారులు ప్రతి మార్చిలో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకాలు తీసుకుంటారు, అది ఒట్టి ఆడిటర్ గోల కాదు. చెక్కు తిరిగొచ్చిందనుకోండి, అక్కడ ఫోన్లో బతిమలాడతా కూర్చుంటే నష్టపోతాం, బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పోవాలి, అది అందుకున్నాక 15 రోజులు ఆయనకి టైము, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కేసు. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీ యూనిట్ అయితే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ఉంది, రాతలో ఒప్పందం ఉంటే ఎంత లేటైనా 45 రోజుల్లో, ఏ ఒప్పందమూ లేకపోతే 15 రోజుల్లో కొన్నవాడు డబ్బు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బిల్లు మీద ఈ ఒక్క లైను అచ్చు వేయించుకున్నవాళ్ళు మా చీమకుర్తి యూనిట్లలో చాలా తక్కువ మంది, నాకు ఇప్పటికీ బాధ ఆ విషయంలో.

నోటీసు పంపేటప్పుడు రిజిస్టర్డ్ పోస్ట్ అని పోస్టాఫీసుకి పోతారు, 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, స్పీడ్ పోస్ట్‌కే రిజిస్ట్రేషన్ కలిపి కట్టించుకుంటారు. రసీదు, అందినట్టు వచ్చే కాయితం రెండూ బిల్లుకి పిన్ను కొట్టి దాచండి. వాట్సాప్ కూడా కోర్టులో సాక్ష్యంగా చూపించొచ్చు, గానీ 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చెయ్యాలి. ఊరికే స్క్రీన్‌షాట్ పెట్టుకుని ఫోన్ మార్చెయ్యొద్దు, ఆ పాత ఫోన్, ఆ చాట్ అట్టాగే ఉంచి లాయర్‌ని అడగండి.

ఏ భాషలో, ఏ లిపిలో

లోకల్ పార్టీకి తెలుగులో రాయండి, తెలుగు అక్షరాల్లోనే. ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు కొడితే మనకి అలవాటే గానీ అంకెలు మాటల్లో రాస్తే అర ఏదో ఆరు ఏదో తెలీదు. అంకెలు ఎప్పుడూ అంకెల్లోనే వెయ్యండి. రాని ఇంగ్లీష్‌లో "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని రాస్తే అవతలాయనకి ఏం చెయ్యాలో అర్థం కాదు, "రేపు 12 లోపు ఇన్‌వాయిస్ మీద సంతకం పెట్టి ఫోటో పంపండి" అంటే ఏ భాషలో చెప్పినా పని అవుద్ది. గౌరవం విషయంలో ఒకటి, ఫోన్లో "అన్నా, నువ్వు" అనే చనువు ఉన్నా రాతలో "మీరు" అనే రాయండి, ఆ మెసేజ్ ఆయన ఇంట్లో కొడుకు చదువుతాడు, ఆడిటర్ చదువుతాడు.

ఇక ఆ మెట్ల కాంట్రాక్టర్, ఆయన ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటాడు, వాళ్ళ ఇంటికి బియ్యం మా దగ్గరే. ఆ యూనిట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన ఆర్డర్ ఫోన్లోనే చెప్పేవాడు, నేను రాసి పంపేవాణ్ణి, మొదట్లో బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవాడు. తర్వాత నేను ఒప్పుకోవడం మానేశా, "అన్నా బొమ్మ వద్దు, మందం అంకె ఒక్కటి మీరు టైప్ చెయ్యండి" అని అడిగేవాణ్ణి. 18 అని ఒకే ఒక్క అంకె వచ్చేది ఆయన దగ్గర్నుంచి, ఇంకేమీ ఉండేది కాదు మెసేజ్‌లో, అది వచ్చినాకే చీటీ రాసి కటింగ్‌కి పంపేవాణ్ణి.